దీర్ఘవ్యాధుల అదుపు: ఒక్క రోగి పని కాదు, పది ఇళ్ళ పని

జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. పన్ను పుచ్చితే రాత్రి నిద్ర పట్టదు. ఆ బాధే మనిషిని వైద్యుని వద్దకు నడిపిస్తుంది. అధిక రక్తపోటు, మధుమేహం అట్టివి కావు. అవి చప్పుడు లేకుండా ఇంట్లో ప్రవేశించి, ఏళ్ళ తరబడి మనతోనే మెలగి, ఒకనాడు పక్షవాతంగానో, గుండెపోటుగానో, మూత్రపిండాల వైఫల్యంగానో బయటపడతాయి. బాధ లేదు గనుక రోగి వెళ్ళడు. రోగి రాడు గనుక వైద్యునికి తెలియదు. ఈ వ్యాధులలోని అసలు చిక్కు ఇదే.

భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్ల మంది. ఆ వ్యాధి అంచున ఉన్నవారు మరి 13.6 కోట్ల మంది. అధిక రక్తపోటు ఉన్నవారు 31.5 కోట్ల మంది. ఇంతమందిని ఆసుపత్రి గదిలో కూర్చుని ఒక్కొక్కరిగా బాగుచేయడం ఏ వైద్యవిధానానికీ సాధ్యం కాదు. వ్యాధి ఎక్కడ పుడుతున్నదో అక్కడే, అంటే వంటింట్లోనూ వీధిలోనూ కార్యాలయంలోనూ, దానిని అదుపు చేయవలసి ఉన్నది. అది ఎట్లు సాధ్యమో, అందులో మన గృహవైద్యానికీ యోగానికీ స్థానమేమిటో ఈ వ్యాసంలో వివరిస్తాను.

కూకట్‌పల్లిలో కనిపించేది

నేను వైద్యం చేసే కూకట్‌పల్లి ఒకప్పుడు నగర శివారు. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చిన తరువాత గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుండి, తెలంగాణ జిల్లాల నుండి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఉద్యోగార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇక్కడి హాస్టళ్ళనూ అపార్టుమెంట్లనూ నింపారు. ఉదయం టిఫిన్ సెంటరులో వడ, పూరీ. పగలంతా కుర్చీలో పని. రాత్రి తొమ్మిది దాటాక కర్రీ పాయింటు నుండి తెచ్చుకున్న కూర, తోడుగా ఊరగాయ. పన్నెండు దాటాక నిద్ర. ఈ దినచర్యలో శరీరానికి శ్రమ లేదు, జీర్ణానికి వ్యవధి లేదు.

హైదరాబాదులోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రముఖ కాలేయ వైద్యులతో కలసి 2025లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో 84% మందికి కాలేయంలో అదనపు కొవ్వు ఉన్నట్లు, 71% మందికి స్థూలకాయం ఉన్నట్లు తేలింది. కాలేయంలో కొవ్వు చేరిన చోటికి మధుమేహం త్వరగా వస్తుంది. తండ్రికి అరవై ఏళ్ళకు వచ్చిన వ్యాధి కుమారునికి ముప్ఫయి ఐదేళ్ళకే వస్తున్నదని మా వద్దకు వచ్చే గృహిణులు చెప్పుకొని బాధపడటంలో అతిశయోక్తి లేదు.

ప్రాచీనులు చెప్పినది

ప్రమేహానికి కారణాలు చెబుతూ చరకుడు మొదట పేర్కొన్నవి సుఖాసనం, సుఖనిద్ర. ఆ తరువాతనే పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మొదలైన వాటిని అతిగా సేవించడం వస్తుంది. కుర్చీ వదలని జీవితానికి ఇంతకంటె సూటియైన వర్ణన దొరకదు. అదే గ్రంథం విమానస్థానంలో, అతిగా వాడరాని మూడు ద్రవ్యాలుగా పిప్పలిని, క్షారాన్ని, లవణాన్ని పేర్కొన్నది. ఉప్పుకూ రక్తపోటుకూ గల సంబంధాన్ని నేటి వైద్యశాస్త్రం కొలిచి చూపింది. ఉప్పు అతి కారాదన్న హెచ్చరిక మాత్రం మనకు కొత్తది కాదు.

సుశ్రుతుడు ప్రమేహ చికిత్సలో ధనహీనుడైన రోగికి నూరు యోజనాల కాలినడకను, గోవుల వెంట తిరగడాన్ని, బావి త్రవ్వడాన్ని విధించాడు. ఇవి ఏ దుకాణంలోనూ దొరకని ఔషధాలు. ఇక చరకుని జనపదోద్ధ్వంస అధ్యాయం గాలి, నీరు, దేశం, కాలం చెడినప్పుడు భిన్న ప్రకృతులు గల జనులందరూ ఒక్కసారే వ్యాధిగ్రస్తులవుతారని చెబుతుంది. నేడు చెడినది మన ఆహార విహారాల వాతావరణం. అందరికీ ఉమ్మడిగా చెడిన దానిని ఉమ్మడిగానే బాగుచేసుకొనవలెను.

గోదావరి గ్రామాలు నేర్పిన పాఠం

ఈ విషయంలో మన తెలుగునాట జరిగిన పరిశోధన ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం అనే పేరుతో 2003-04లో ఒక సంవత్సరంపాటు ప్రతి మరణానికీ కారణాన్ని విచారించారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్ ఇందులో పాలుపంచుకున్నాయి. పల్లెలలో మరణాలు ప్రధానంగా అంటువ్యాధుల వల్లనే అనే నమ్మకం ఆ విచారణతో తొలగిపోయింది. దాదాపు మూడింట ఒక వంతు మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది.

ఆ పరిశోధకులే తరువాత 44 గ్రామాలలో రెండు పద్ధతులను పరీక్షించి, ఫలితాలను 2012లో ప్రకటించారు. మొదటి పద్ధతిలో డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, గుండె జబ్బు ముప్పు అధికంగా ఉన్నవారిని ఒక క్రమపద్ధతిలో గుర్తింపజేశారు. రెండవ పద్ధతిలో గోడపత్రికలు, వీధినాటకాలు, ఊరేగింపులు, సభల ద్వారా ప్రచారం సాగించారు. మొదటి పద్ధతి నడిచిన గ్రామాలలో ముప్పు ఉన్నవారిలో సుమారు 63% మందిని గుర్తించగలిగారు. అది లేని గ్రామాలలో గుర్తించినది 51% మందినే. ప్రచారం వల్ల మాత్రం ప్రజల అవగాహనలో కొలవదగిన మార్పు కనబడలేదు!

ఈ ఫలితం నన్ను చాలా ఆలోచింపజేసింది. చెప్పినంత మాత్రాన మనిషి మారడు. గోడమీద అతికించిన సలహా గోడమీదనే ఉండిపోతుంది. పేరుపెట్టి పిలిచి, రక్తపోటు చూసి, పుస్తకంలో వ్రాసి, మరుసటి నెల మళ్ళీ అడిగే మనిషి ఒకరు ఉంటే వ్యాధి బయటపడుతుంది.

పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి మరొక పరీక్ష జరిపారు. 2019లో వెలువడిన దాని ఫలితాలలో, ఈ పద్ధతి అమలైన చోటికీ కాని చోటికీ రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ భేదం కనబడలేదు. గుర్తించి పంపితే చాలదు. పంపిన చోట వైద్యుడు, మందులు క్రమంగా అందవలెనన్నది ఇందులో నేను గ్రహించిన పాఠం.

ఈ లోటును పూరించే ప్రయత్నం 2017 నవంబరులో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం. మొదటి దశకు ఎంపికైన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఒకే చికిత్సా క్రమం, మందులు కొరతపడకుండా చూడటం, డాక్టరుతోపాటు నర్సులూ కార్యకర్తలూ పని పంచుకొనడం, రోగికి దగ్గరలోనే మందు అందించడం, ప్రతి రోగి వివరం నమోదు చేయడం అనే ఐదు సూత్రాలపై ఇది నిలిచింది. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. హైదరాబాదులో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు మొదలైన తరువాత పేటలలో నివసించేవారికి పరీక్ష, మందు నడక దూరంలోకి వచ్చాయి. మధ్యతరగతివారు వీటిని తమవి కావనుకొని పక్కన పెట్టడం తగదు.

గృహిణులు మార్చిన దేశం

ఫిన్లాండులోని ఉత్తర కరేలియా ప్రాంతంలో నడివయసు పురుషులు గుండెపోటుతో అసంఖ్యాకంగా మరణిస్తూ ఉండటంతో 1972లో అక్కడ ఒక ఉద్యమం ప్రారంభమయింది. దాని సారథి పెక్కా పుస్కా అనే యువ వైద్యుడు. వెన్న, ఉప్పు, పొగాకు అక్కడి ప్రధాన శత్రువులు. ఉపన్యాసాలతో పని జరగదని గ్రహించి ఆయన మార్తా అనే గృహిణుల సంఘాన్ని ఆశ్రయించాడు. వారు ఊరూరా సాయంకాలపు విందులు జరిపి, తక్కువ కొవ్వు, ఎక్కువ కూరలతో తమ పాత వంటకాలనే రుచిగా వండి చూపారు. తినుబండారాల తయారీదారులు కొవ్వునూ ఉప్పునూ తగ్గించారు. పాడి రైతులలో కొందరు పండ్ల సాగుకు మళ్ళారు. కొన్ని దశాబ్దాలలో అక్కడి పనిచేసే వయసు పురుషులలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రుచిని వదలుకొమ్మని ఎవరినీ అడగలేదు, రుచిని మార్చారు. మన గృహిణులకు ఇది చేతకాని పని కాదు.

పది ఇళ్ళ పద్ధతి

మా కాలనీలో కొన్ని కుటుంబాలతో కలసి నేను అనుసరిస్తున్న పద్ధతిని పాఠకుల ఉపయోగార్థం వివరిస్తున్నాను. పది ఇళ్ళు ఒక జట్టు. ఒక నోటుపుస్తకం, భుజానికి కట్టే ఒక డిజిటల్ రక్తపోటు యంత్రం, ఒక కొలత టేపు చాలు. నెలకొక ఆదివారం ఉదయం ఒక ఇంట సమావేశం. ముప్ఫయి ఏళ్ళు దాటిన ప్రతివారూ రావలెను. వాచ్‌మన్ కుటుంబాన్ని, ఇళ్ళలో పనిచేసే స్త్రీలను తప్పక పిలువవలెను. వారికి వ్యాధి వస్తే ఇల్లే కూలిపోతుంది.

రక్తపోటు చూచే ముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగ పనికిరావు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చొనవలెను. చేయి గుండె ఎత్తులో ఉండవలెను. ఒక నిమిషం వ్యవధితో రెండుసార్లు చూచి రెండూ వ్రాయవలెను. అంకె 140/90 గాని అంతకు మించి గాని వేర్వేరు రోజులలో కనిపిస్తే వైద్యుని సంప్రదించవలెను. నడుము కొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటరాదు. పరగడుపు రక్తంలో చక్కెర 100 నుండి 125 వరకు ఉంటే అంచున ఉన్నట్లు. 126 గాని ఆపై గాని వస్తే మరల పరీక్షించి నిర్ధారించుకొనవలెను.

తరువాత వంటింటి లెక్క. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు అవసరం లేదు. అది ఒక చెంచాడు. నలుగురు ఉన్న ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల తిరగకముందే అయిపోతున్నదంటే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్లే. ఊరగాయలు, అప్పడాలు, బయటి తిండి దీనికి అదనం. నూనె మనిషికి రోజుకు 20 గ్రాములనుకొన్నా నలుగురికి నెలకు 2 కిలోల 400 గ్రాములు. ప్యాకెట్టు తెరిచిన తేదీని దానిమీదనే వ్రాయండి. నెలాఖరున ఎవరి ఇంటి లెక్క ఎంతో పదిమందిలో చదువుకుంటే, ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఆ కాగితం చేస్తుంది.

ఆవకాయ మానవలసిన అవసరం లేదు. పెరుగన్నంలోకి చిన్న ముక్క చాలు, మొదటి ముద్దనుండి చివరి ముద్దవరకు అక్కర లేదు. కర్రీ పాయింటు వారికి పది ఇళ్ళవారు కలసి వెళ్ళి ఉప్పు, నూనె తగ్గించమని అడిగితే వింటారు. ఒక్కరు అడిగితే నవ్వుతారు. రైతుబజారు నుండి ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ, కాకరకాయ పంచుకొని తెచ్చుకుంటే ఖర్చూ కలసివస్తుంది.

సహాయక చికిత్సలు: వాటి స్థానం

మెంతులు: ఈ విషయంలో హైదరాబాదుకే గౌరవం దక్కవలెను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో ప్రచురించిన పరిశోధనలో, ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహ రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు రెండు పూటల ఆహారంలో కలిపి పది రోజులు ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54% తగ్గింది. రోగుల సంఖ్య స్వల్పం, మోతాదు అధికం అని గుర్తుంచుకొనవలెను. ఇంటి వాడుకకు రెండు చెంచాల మెంతులను రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తినవచ్చును, లేదా పొడిచేసి మజ్జిగలో కలుపుకొనవచ్చును. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

నడక: భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నెమ్మదైన నడక చక్కెరను పెరగనీయదు. ఉదయం అరగంట చురుకైన నడక వేరు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిపై మూడేళ్ళు సాగించి 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆహార నియమం, నడక పాటించిన వారిలో మధుమేహంలోకి జారే ప్రమాదం 28.5% తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గుదల 26.4%. అంచున ఉన్నవారికి నడక కూడా మాత్రతో సమానమైన ఔషధమే.

శవాసనం, ప్రాణాయామం: బొంబాయిలో డాక్టర్ దాతే బృందం 1969లోనే 47 మంది రక్తపోటు రోగులకు శవాసనం నేర్పి ప్రయోజనాన్ని నమోదు చేసింది. రోజుకు అరగంట, నిద్రపోకుండా, శ్వాసపై మనసు నిలిపి చేయవలెను. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు శీర్షాసనం, శ్వాసను దీర్ఘంగా బంధించే కుంభకం, వేగవంతమైన భస్త్రిక చేయరాదు.

చిరుధాన్యాలు: జొన్నరొట్టె, కొర్ర అన్నం మంచివే. అయితే మెత్తని పిండితో పలుచగా కాచిన రాగిజావ త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. మధుమేహ రోగి జావకు బదులు కూరలతో కలిపిన రాగిరొట్టె తినడం మేలు.

తప్పక గమనించవలసిన హెచ్చరికలు

పై చికిత్సలను నేను సహాయక చికిత్సలని ఉద్దేశపూర్వకంగానే అన్నాను. ఇవి మాత్రలకు తోడు, ప్రత్యామ్నాయం కాదు. నా వద్దకు వచ్చిన ఒక ఇల్లాలు పొరుగువారి మాట విని రక్తపోటు మాత్ర మానివేసి ఏడాదిపాటు కషాయం మాత్రమే త్రాగింది. తలనొప్పి లేదు గనుక తగ్గిందనే అనుకున్నది. ఆమెకు కుడి చేయి పడిపోయిన తరువాతనే ఇంటివారికి విషయం తెలిసింది. ఇట్టి దుఃఖం మరొక ఇంట కలుగరాదన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

1. మందు తగ్గించవలసినది అంకెలను చూచి వైద్యుడు మాత్రమే. మెంతులు, కాకర రసం మాత్రలతో కలసి చక్కెరను మరీ తగ్గించవచ్చును. చెమట, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించవలెను. స్పృహ లేనివారికి మాత్రం నోటిలో ఏమీ పోయరాదు.

2. దగ్గుకు మేలుచేసే అతిమధురం ఎక్కువ రోజులు సేవిస్తే రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు రోగులు దానిని వాడరాదు.

3. పేరులేని పొట్లాలు, వారాలలో మధుమేహం మాయమవుతుందని చెప్పే చూర్ణాలు కొనరాదు. శుద్ధి సరిగా కాని భస్మాలలో సీసం, పాదరసం ఉండి మూత్రపిండాలను చెరుపుతాయి. తయారీ అనుమతి సంఖ్య, ద్రవ్యాల వివరం చీటీపై లేని ఔషధం మనకు వద్దు.

4. మూతి వంకర పోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడటం, ఛాతీలో బరువు కనిపిస్తే ఏ చిట్కా కోసమూ వెదకరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను.

5. మీరు వాడే గృహవైద్యాన్ని మీ డాక్టరు వద్ద దాచవద్దు. ఆయన ఇచ్చే మందులను మీ ఆయుర్వేద వైద్యుని వద్ద దాచవద్దు.

రెండు వైద్యాలూ ఒకే రోగి కోసం పనిచేయడం అసాధ్యమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం జాతీయ దీర్ఘవ్యాధుల నియంత్రణ పథకంతో ఆయుష్ పద్ధతులను జోడించి కొన్ని జిల్లాలలో పరిశీలించింది. ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాలో హోమియో వైద్యాన్ని, రాజస్థాన్‌లోని భిల్వాడా, గుజరాత్‌లోని సురేంద్రనగర్, బీహారులోని గయ జిల్లాలలో ఆయుర్వేదాన్ని ఇందుకు ఎంచుకున్నారు.

పాఠకులారా! వచ్చే ఆదివారం మీ మెట్ల వరుసలోనో, వీధిలోనో పది ఇళ్ళను కలపండి. ఎవరి ఇంటనైనా రక్తపోటు యంత్రం అల్మారాలో మూలుగుతూ ఉంటుంది. దానిని బయటకు తీయండి. మొదటి పేజీలో మీ పేరు, తేదీ, రెండు అంకెలు వ్రాయండి. ఆ తరువాత మీ పొరుగింటివారి పేరు వ్రాయండి. తనకు ఏ జబ్బూ లేదని చెప్పి రాకుండా ఉండిపోయే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆయన ఇంటికి యంత్రాన్ని మీరే తీసుకొని వెళ్ళండి.